ఐసీనా, ఎన్సీనా?

నాలుగేళ్లు చీటీ కట్టి, ఆ డబ్బుతో ముక్తినాథ్ వెళ్లాం నేనూ మావారూ. 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం అంటారే, అదే. గుంటూరులో పచ్చిమిరపకాయల దగ్గర కూడా బేరమాడే మనిషిని నేను. నేపాల్‌లో అడుగుపెట్టగానే షావుకారు భార్యనైపోయాను.

అక్కడ మన వంద రూపాయలంటే వాళ్లకి నూట అరవై. 1993 నుంచీ అదే లెక్క. మన డబ్బు ఐసీ, వాళ్లది ఎన్సీ. పోఖరాలో టీ కొట్టావిడ దగ్గర్నుంచి అందరూ ధర చెప్పి, మా మొహాలు చూసి, చివర్లో ‘ఐసీ’ అని తగిలించేవాళ్లు. ఆ మాట వింటే చాలు, మావారికి బీపీ.

ముక్తినాథ్ గుడి కిందున్న ఊరు రాణిపౌవాలో జీపు దిగేసరికే ఆయాసం. సుమారు 3,700 మీటర్ల ఎత్తు మరి. గుడిదాకా ఎక్కడం నా మోకాళ్ల వల్ల కాదు. గుర్రాలవాళ్లు చుట్టుముట్టారు. ఒకతను ఐదొందలన్నాడు. నాకొచ్చిన హిందీలో మూడొందలన్నాను. అతను నవ్వాడు.

"ఐసీనా, ఎన్సీనా అమ్మా?"

తెలుగులో! హైదరాబాద్‌లో ఆరేళ్లు గూర్ఖాగా చేశాడట. రాత్రంతా కర్ర తాటిస్తూ, ఈల వేస్తూ తిరగడం, ఒకటో తారీఖు దాటాక ఇంటింటికీ వెళ్లి అడగడం. "ఇరవై ఇచ్చేవాళ్లు. కొందరు రేపు రమ్మనేవాళ్లు" అన్నాడు జీను బిగిస్తూ. కోపంగా ఏం అనలేదు. మా వీధి గూర్ఖా బెల్లు కొడితే, "సారు లేరు" అని తలుపు తీయకుండానే చెప్పినదాన్ని నేను. సారు సోఫాలోనే ఉండేవారు.

దారిలో అడిగాడు, ఇల్లు సొంతమేనా అని. సొంతమే గానీ లోను ఇంకా తీరలేదన్నాను, బీదదాన్నని ఒప్పించాలని.

"లోను ఇచ్చారంటే డబ్బున్నట్టే కదమ్మా" అన్నాడు.

వాళ్లబ్బాయి ఖతార్ వెళ్లడానికి ఊళ్లో వడ్డీకి తెచ్చారట. వడ్డీ ఎంతో చెప్పాడు. నేను మళ్లీ లోను ఊసెత్తలేదు.

గుడి వెనక 108 ధారల కింద తల పెట్టి పరుగెత్తాలి. మంచు కరిగిన నీళ్లు, నాలుగో ధారకే చెవులు మొద్దుబారిపోయాయి. గోవిందా అంటూనే ఉన్నాను, బుర్రలో మాత్రం లెక్క. అతను ఐదొందలన్నది ఎన్సీలో అయితే, నేనన్న మూడొందలు దాదాపు అంతే. ఇద్దరం ఒకే ధర చెప్పుకుని ఇంతసేపు బేరమాడామా?

కిందికొచ్చాక మన ఐదొందలు చేతిలో పెట్టాను. "ఐసీలో ఇచ్చావా?" అని మావారు అక్కడే అందుకున్నారు. అతను నోటు కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు. అప్పుడే జీపు దిగుతున్న తమిళావిడ వైపు తిరిగి, గట్టిగా చెప్పాడు:

"ఐదొందలు అమ్మా. ఐసీ!"