డౌరో కొండల్లో హద్దురాళ్లు

పోర్చుగల్‌లో డౌరో లోయకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పోర్ట్ వైన్ రుచి చూడటానికో, నదిలో పడవ ఎక్కడానికో వెళ్తారు. నన్ను అక్కడికి లాగింది మాత్రం ద్రాక్షతోటల్లో పాతిన పాత హద్దురాళ్లు.

పోర్టో నుంచి రెగ్వా ఊరికి రైల్లో సుమారు రెండు గంటలు. కొంత దూరం పోయాక పట్టాలు నది ఒడ్డుకు దిగుతాయి. అక్కడి నుంచి కుడివైపు కిటికీ వదలబుద్ధి కాదు. కొండల్ని కింది నుంచి పైదాకా మెట్లు మెట్లుగా తొలిచి, రాతి గోడలు కట్టి, ప్రతి మెట్టు మీదా ద్రాక్ష పెంచారు. సెప్టెంబరు చివరి రోజులు కాబట్టి కోతలు జోరుగా సాగుతున్నాయి.

రెగ్వాలో ముందు డౌరో మ్యూజియం చూశాను. ఈ రాళ్ల వెనక కథ తెలియకుండా కొండెక్కితే అవి వట్టి రాళ్లే. 1750ల్లో ఇక్కడి వైన్ ధర ఘోరంగా పడిపోయింది. ఇంగ్లండుకు పంపే సరుకులో కల్తీ జరుగుతోందని గొడవ. రంగు కోసం ఎల్డర్ చెట్టు పండ్ల రసం కలిపేవారు. తర్వాతి కాలంలో ‘పొంబాల్ మార్క్విస్’ అనే బిరుదుతో పేరుపడ్డ మంత్రి 1756 సెప్టెంబరు 10న ఒక కంపెనీ పెట్టించాడు. మేలైన వైన్ పండే నేల ఎక్కడిదాకా ఉందో కొలిచి, గీత గీసి, ఆ గీత వెంట రాళ్లు పాతించాడు. ఎల్డర్ చెట్లను పీకించేశారు కూడా. మొదటి విడతలో 201, 1761లో మరో 134, మొత్తం 335 రాళ్లు. హద్దులు గీసిన మొదటి వైన్ ప్రాంతం డౌరోయేనని చెబుతుంటారు. ఇటలీలోని కియాంతి అనే వైన్ ప్రాంతానికి 1716లోనే హద్దులు ప్రకటించారు, నిజమే. కానీ హద్దుతో పాటు ధర, నాణ్యత, అమ్మకం అన్నిటినీ ఒకే సంస్థ చేతిలో పెట్టిన ఏర్పాటు ఇది.

మర్నాడు కారు మాట్లాడుకుని కొండ మీదికి వెళ్లాను. డ్రైవరు ఒక మలుపులో ఆపి తోట గట్టు వైపు చూపించాడు. చుట్టూ నేలంతా పలకలుగా విరిగే షిస్టు రాయి. దాని మధ్య బూడిదరంగు గ్రానైట్ స్తంభం, నా భుజం దాకా ఉంది. మీద పెద్ద అక్షరాలతో ‘ఫైతోరియా’ అని, కింద 1758 అని చెక్కి ఉంది. నాచు పట్టినా అంకెలు వేలికి స్పష్టంగా తగులుతున్నాయి. ఎగుమతికి పనికొచ్చే మొదటి రకం వైన్‌కి ఆ రోజుల్లో ఫైతోరియా అని పేరు. అది దేశంలో అమ్ముకునే రకం కంటే ఎక్కువ ధర పలికేది.

అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. రాయికి ఇటు తోట, అటు తోట. అదే ఎండ, అదే వాలు. ఇటువైపు రైతుకు ఇంగ్లండు ధర, అటువైపు రైతుకు ఊళ్లోని సారాకొట్టు ధర. కొలిచినవాళ్లు నాలుగు అడుగులు అటు వేసి ఉంటే ఒక కుటుంబం బతుకే మారిపోయేది కదా! కల్తీని ఆపడానికి హద్దు అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ దాని బరువు చిన్నవాళ్ల మీదే ఎక్కువ పడింది. వైన్ అమ్మకం కంపెనీ గుప్పిట్లోకి పోయిందని 1757 ఫిబ్రవరిలో పోర్టోలో జనం తిరగబడితే పలువురిని ఉరితీశారు. రాళ్ల గురించి గొప్పగా చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి.

తర్వాతి రోజుల్లో హద్దులు మారాయి, తోటలు చేతులు మారాయి. కొన్ని రాళ్లు పోయాయి. కొన్నిటిని ఇళ్ల గోడల్లో కలిపి కట్టేసుకున్నారు. 1940ల్లో ప్రభుత్వం మిగిలినవాటికి రక్షణ కల్పించింది. 2001లో ఈ లోయ యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. చాలా రాళ్లు సొంత తోటల్లో ఉన్నాయి, అడగకుండా లోపలికి దిగొద్దు. దారి తెలిసిన స్థానిక డ్రైవరు దొరికితే సగం పని అయిపోయినట్టే. కోతల టైంలో గదులు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోండి.