ఎడమ రెక్క, కుడి రెక్క

పొద్దున ఏడింటికే కరెంటు పోయింది. ఆదివారం షాపుకు ఎట్లాగు పెద్దగ ఎవరు రారు, సాత్‌బారా, అంటే భూమి పహాణి కాగితం, ప్రింటు కావాలని ఇద్దరు రైతులు వచ్చిన్రు, ప్రింటర్ నడవదు రేపు రాండ్రని పంపిచ్చి షట్టర్ సగం కిందికి గుంజి కూసున్న. టేబుల్ కింద పన్నెండు బాణాలు. నెల దినాలు పట్టింది వాటిని చేసుడు. నిన్న సాయంత్రం పెరట్ల గోనె సంచికి కొడితే పన్నెండు పన్నెండు దిక్కులకు పోయినయి, ఒకటి పిడకల కుప్పల దిగింది, ఒకటి పక్కింటోళ్ల దడిల ఇరికింది, ఆ వదిన ఇంక మాట్లాడ్తలేదు. రాత్రంత అదే ఆలోచన. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు నాకు గురి రాక బాణాన్ని తిడుతున్ననా, లేకపోతే నిజంగ బాణంలనే ఏమన్న ఉన్నదా.

ముందే చెప్తున్న, నేను వేటగాన్ని కాదు, అడవిల ఒక కుందేలును సుత కొట్టలే, కొట్ట. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ఉన్నది, కొడితే కేసు, అది సరైనదే. గాని మా సిరొంచల (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) నాకు బాణం చేసుడు నేర్పిన తాతకు వేట బాణం తప్ప ఇంకో బాణం తెల్వదు. గోండు మనిషి, మా వాడకట్టు చివర ఇల్లు, ఎనభై దగ్గర ఉంటయి, మాతోని తెలుగు, ఇంట్ల గోండి, తహసీల్ ఆఫీసుల మరాఠీ. విల్లు కూడా ఆయననే చేసిచ్చిండు, వెదురు బద్దది, దానికి నారి కూడా వెదురు బద్దనే. తాడు నారి వానకు సాగుతది, ఇది సాగది అంటడు. లగేజి తూచే కొక్కెం కాంటా తగిలిచ్చి గుంజి చూసిన, 26 అంగుళాలకు 17 కిలోలు, అంటే 38 పౌండ్ల దాక. యూట్యూబుల అమెరికోళ్ల వీడియోలు చూసీ చూసీ నాకు పౌండ్లల ఆలోచించుడు అలవాటైంది.

వెదురు మాత్రం మా మామ చెల్కల గట్టు మీది పొద నుంచి కొట్టుకచ్చిన. 2017ల చట్టం మార్చిన్రు, అడవి బయట పెరిగే వెదురు ఇప్పుడు చెట్టు కింద లెక్కకు రాదు, అందుకే ఎవరిని అడిగే పని లేకుండె. వానలు పోయినంక, మూడేండ్లు దాటిన బొంగు, సన్నపు కొమ్మలు. లేతది కొడితే ఎండినంక ముడతలు పడతది, పుచ్చు పడతది. ఇవన్ని తాత చెప్పినట్టే చేసిన. నిప్పుల మీద కనుపు కనుపు కాచి వంకర తీసిన, గోరు మీద పెట్టి తిప్పి చూసిన, ఒక్కొక్కటి సూదిలెక్క ఉన్నది. మరి ఎందుకు పోతలేవు?

తొమ్మిదింటికి పన్నెండు బాణాలు పాత టవల్‌ల చుట్టుకొని బజార్ల నా దోస్తు బంగారం షాపుకు పోయిన. వాని కాంటా మిల్లీగ్రాముల దాక చూపిస్తది, ఇన్వర్టర్ సుత ఉన్నది. వాడు నన్ను చూసి ముందు నవ్విండు, తర్వాత వానికే ఇంటరెస్ట్ వచ్చి ఒక్కొక్కటి తూచి కాగితం మీద రాసిండు. తక్కువది 24 గ్రాములు. ఎక్కువది 37. నేను నోరు తెరిచిన, ఎందుకంటే చేతిల పట్టుకుంటే అన్ని ఒక్క తీరుగనే అనిపిచ్చినయి.

బాణం బరువు గ్రెయిన్లల చెప్తరురా అంటే గ్రెయిన్ అంటే ఏంది అన్నడు. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. వాడు కాల్కులేటర్ కొట్టి, అరె మా పాత తులానికి సరిగ్గ 180 గ్రెయిన్లు అన్నడు, చూస్తే నిజమే. వాళ్ల తాతల కాలంల గురిగింజలతోని తూచేటోళ్లు, ఒక్క గురిగింజ అంటే దగ్గర దగ్గర రెండు గ్రెయిన్లు. అంటే నా బాణాలు 370 నుంచి 570 గ్రెయిన్లు, రెండు తులాల నుంచి మూడు తులాలకు పైన. ఆష్బీ అని ఒకాయన ఏండ్ల తరబడి పెద్ద జంతువుల మీద బాణం ఎంత లోతు దిగుతదో పరీక్షలు చేసి, గట్టి ఎముక దాటాలంటే 650 గ్రెయిన్లన్న ఉండాలె అని చెప్పిండు, అంటే మూడున్నర తులాల పైమాటే. అది నాకు అక్కరలేని లెక్క, నేను కొట్టేది గోనె సంచి. నాకు కావల్సింది పన్నెండు ఒక్క బరువు ఉండుడు. బరువైన బాణం మెల్లగ పోయి కిందికి దిగుతది, తేలికది పైనుంచి పోతది, నేను ఎంత గురి పెడితే ఏం లాభం.

ఇంటికచ్చి తలుపు చెక్కకు రెండు మేకులు కొట్టిన, నడుమ 26 అంగుళాలు, అంటే 660 మిల్లీమీటర్లు. బాణాన్ని వాటి మీద పండవెట్టి నడుమల 907 గ్రాములు వేలాడదీయాలె, అంటే రెండు పౌండ్లు. చక్కెర కవర్ల పోసి కొలిసిన, మా ఆమె చూసి చక్కెరతోని ఏం ఆటలయ్య ఇవి అన్నది, కింద పోస్తె నువ్వే ఊడ్వాలె అన్నది. బాణం ఎంత కిందికి వంగిందో కొలిచి 660ని దానితోని భాగిస్తే ఎన్ని పౌండ్ల విల్లుకు సరిపోతదో వస్తది, 16 మిల్లీమీటర్లు వంగితే 41 పౌండ్లు అన్నట్టు. నావి? ఒకటి 10 మిల్లీమీటర్లే వంగింది, కట్టె లెక్క. ఒకటి 21 వంగింది, చీపురుపుల్ల లెక్క.

ఈ వంగుడు ఎందుకు ముఖ్యమంటే, నారి వదిలినప్పుడు బాణం సీదా పోదు. విల్లు నడుమల కట్టె అడ్డం ఉంటది కదా, బాణం దాని పక్కనుంచి పాము లెక్క అటు ఇటు వంగుకుంట చుట్టి పోతది, పోయినంక తేరుకుంటది. మా పిలగాని ఫోన్ల స్లో మోషన్ పెట్టి తీస్తే కండ్లార కనబడ్డది, మొదటిసారి చూసినప్పుడు నాకు భయమైంది, విరుగుతదేమో అని. మరీ గట్టిది ఐతే వంగక కుడిచేతోనికి ఎడమకు కొడతది, మరీ మెత్తదైతే కుడికి పోతది. ముందల ఇనుము బరువు పెంచితే అదే కట్టె ఇంకా మెత్తగ నడుస్తది. నిన్న పిడకలల్ల దిగింది 10 మిల్లీమీటర్లది. వదిన దడిలది 21ది. కాగితం మీద రాసుకున్న ప్రతి లెక్క నిన్నటి తప్పుతోని కలిసింది, పరీక్షల ఫెయిలై పేపర్ మళ్లా చూసుకున్నట్టు, సిగ్గు సిగ్గుగ ఉన్నది గాని మనసు తేలికైంది, నా చెయ్యి మరీ అంత చెడ్డది కాదు.

పన్నెండిట్ల 15 నుంచి 17 నడుమ ఉన్నవి మూడంటే మూడు. వాటి బరువులు 29, 30, 30. ఇంక తొమ్మిది పక్కకు పెట్టిన.

మధ్యాహ్నం అన్నం తిన్నంక ఆ మూడు పట్టుకొని మళ్లా పెరట్లకు. ఇరవై అడుగులు. రెండు బాణాలు బెత్తెడు దూరంల పక్క పక్కన దిగినయి, పిలగాడు బాపూ అని ఒర్రిండు. మూడోది మాత్రం తోక ఊపుకుంట పోయి సంచి అంచుకు తగిలి పడ్డది. మళ్లా కొట్టిన, మళ్లా అదే. అదే బరువు, అదే వంగుడు, సీదానే ఉన్నది. దిమాక్ ఖరాబ్ అయింది.

నాలుగింటికి తాత ఇంటికి పోయిన. నులక మంచం మీద కూసొని పొగాకు నలుస్తున్నడు. ఏంరా బిడ్డ, ముఖం గట్లున్నది అన్నడు. మూడో బాణం చేతికిచ్చిన. ఆయన ముందు ములికిని చూడలే, కట్టెను చూడలే, వెనక ఈకల మీద బొటనవేలుతోని అట్ల ఒక్కసారి నిమిరిండు. నిమిరి నవ్విండు. రెండు ఎడమ రెక్కవి, ఒకటి కుడి రెక్కది పెట్టినవురా అన్నడు.

నాకు కాసేపు అర్థం కాలే. చూపిచ్చిండు. పక్షి ఈక సీదా ఉండదు, ఎడమ రెక్క ఈక ఒక దిక్కు వంపు తిరిగి ఉంటది, కుడి రెక్కది ఇంకో దిక్కు. ఒక బాణానికి మూడు ఈకలు ఒక్క రెక్కవే ఉంటే గాలికి బాణం బొంగరం లెక్క ఒక్క దిక్కు తిరుగుకుంట పోతది, తిరిగితేనే సీదా పోతది. ఒకటి ఉల్టా పెడితే రెండు అటు గుంజుతయి, ఒకటి ఇటు గుంజుతది, మొగుడు పెండ్లాం కొట్లాట లెక్క (ఆయన మాట, నాది కాదు). నేను నాటుకోడి పుంజు రెక్కలు రెండు కోసుకచ్చి అన్ని ఈకలు ఒక్క డబ్బల కలిపి పెట్టుకున్న. పన్నెండు బాణాలల్ల ఎన్నిటికి ఎట్ల పెట్టిన్నో దేవునికెరుక.

తాత పొయ్యి మీది చూరుల నుంచి తన బాణాలు తీసిండు. మూడే ఉన్నయి. నల్లగ పొగచూరి ఉన్నయి, పొగకు పుచ్చు రాదు, చెమ్మ రాదు, వంకర తిరగదు. మూడేండ్లకోసారి ఈకలు మారుస్తడట, ఇదివరకు రాబందు ఈకలు పెట్టేటోళ్లు, ఇప్పుడు రాబందులు ఏడున్నయి బిడ్డ అన్నడు. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందుతోని అవి కిడ్నీలు పోయి చచ్చినయి, 2006ల ఆ మందు పశువులకు బంద్ చేసిన్రు, అప్పటికే చానా పోయినయి. తాతకు మందు పేరు తెల్వదు, చచ్చిన పశువు మీద పక్షి దిగకుంటైందని మాత్రం తెలుసు.

ఒక బాణం వేలు మీద తూగిచ్చి చూసిన. నాదైతే నడుమ నుంచి మూడున్నర అంగుళాలు ముందల తూగుతది, 29 అంగుళాల పొడుగుకు 12 శాతం. ఆయనది 28 అంగుళాలది, అయిదున్నర అంగుళాలు ముందల తూగింది, 20 శాతం. ముందు బరువు ఎక్కువుంటే వెనక ఈక దాన్ని తొందరగ సీదా చేస్తది, దిగినప్పుడు కట్టె వెనకనుంచి నెట్టుతది. పాత కమాన్ పట్టీ ముక్కను కమ్మరాయన కొలిమిల కాల్చి కొట్టిన ములికి అది, తోక పొడుగ్గ తీసి బొంగుల లోపలి దాక దించి లక్క పోసి దారం చుట్టిండు. బొంగు మొదలు ముందల, కొస వెనక. నారి పట్టే గాటు కనుపుకు ఆనుకొని కోసిండు, చీలకుంట. ఇషీ అని ఒకాయన, అమెరికల యాహీ అనే ఆదివాసీ తెగ మనిషి, 1911ల కాలిఫోర్నియా అడవుల నుంచి ఒక్కడే బయటికి వచ్చిండు, వాళ్లోళ్లందరు చచ్చిపోయినంక. 1916ల చనిపోయే దాక శాన్ ఫ్రాన్సిస్కో మ్యూజియంల ఉన్నడు, ఆయన దగ్గర విల్లు నేర్చుకున్న డాక్టర్ పోప్ వల్లనే అమెరికల ఈ విల్లువేట మళ్లా లేచింది. ఇషీ సుత బాణం ముందట ఇంకో గట్టి పుల్ల అతికేటోడట. ఆయనకు తాత తెల్వదు, తాతకు ఆయన తెల్వదు.

మూడే ఎందుకు తాత, పన్నెండు చేసుకోవచ్చు కదా అన్న. ఒక బాణం తీసి, ఇది జర ఎడమకు పోతది, నాకెరుక అన్నడు. ఇంకోటి, ఇది సీదా. ఇంకోటి, దీనితోని దూరం కొట్టద్దు. అంతే. నేను పొద్దంత కాంటా, చక్కెర, మేకులు పెట్టి పన్నెండిటిని ఒక్కటిగ చేద్దామని చూస్తున్న, ఆయనకు ఆ అవసరమే లేదు, మూడిటిని మనుమలను ఎరిగినట్టు ఎరిగిండు. ఏది మంచి పద్ధతో నాకు ఇప్పటికి తేలలే. నాకు ఆయనంత ఓపిక లేదు, ఆయనకు నా కాంటా అక్కరలేదు.

పొద్దు గూకుతుంటే ఆయననే ఒక ముచ్చట చెప్పిండు, నేను అడగలే. చట్టం రాకముందు, పెండ్లి కాని వయసుల, వానల ఒక కణుజును కొట్టిండట. ఈకలు తడిసి కట్టెకు అతుక్కున్నయి, చూసుకోలే, తొందర. బాణం తోక ఊపుకుంట పోయి తొడకు తగిలింది. కణుజు ఉరికింది. ఆ రోజంత, తెల్లారి పొద్దెక్కే దాక నెత్తురు చుక్కలు చూసుకుంట పోయిండు, వాగు దాటినంక జాడ పోయింది. అది ఎక్కడ పడ్డదో, ఎన్ని రోజులు గోస పడ్డదో. వాళ్ల నాయిన కొట్టలేదట, తిట్టలేదట, ఆ రాత్రి బువ్వ ముందర కూసొని ఒక్క మాట సుత మాట్లాడలేదట. చెప్పినంత సేపు నా బాణం ఈకను వేలుతోని నిమురుకుంటనే ఉన్నడు.

నేను ఏం అనలే. ఏం అంటం.

వచ్చేటప్పుడు నాటుకోళ్లు అమ్మే అతని కాడ ఆగిన. అన్నా, పుంజు రెక్కల ఈకలు కావాలె, ఎడమ రెక్కయి వేరే కవర్ల, కుడి రెక్కయి వేరే కవర్ల పెట్టు అన్న. అతను కత్తి పక్కన పెట్టి నన్ను కింద నుంచి మీది దాక చూసిండు. కోడికి ఎడమ ఏంది కుడి ఏంది సార్, ఎటు నిలబడి చూడాలె అన్నడు. కోడి దిక్కు నుంచి అన్న. సరే సరే అని తల ఊపిండు, పైసలు సుత తీసుకోలే. ఇంటికచ్చి చూస్తే ఒక్కటే కవర్, అన్ని ఈకలు కలిపి.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, కరెంటు వచ్చింది, బొటనవేలుతోని ఒక్కొక్క ఈక నిమిరి రెండు కుప్పలు వేస్తున్న. ఎడమవి పదకొండు, కుడివి తొమ్మిది అయినయి. పక్కకు పెట్టిన తొమ్మిది బాణాలను మా ఆమె చిక్కుడు తీగకు పాతింది, ఒకటి అడిగిన, ఇయ్య అన్నది.