అల్యూమినియంలో ఫోనాన్ డ్రాగ్ లెక్కగట్టడం: నా అనుభవం

స్ఫటికంలో అణువుల వరుస తప్పిన గీతే డిస్లొకేషన్; అణువుల కంపన తరంగాల పొట్లాలే ఫోనాన్లు. కదిలే డిస్లొకేషన్‌కు ఎదురొచ్చే ఫోనాన్లు వెనకనుంచి తగిలేవాటికన్నా ఎక్కువ. వానలో నడిచేవాడికి వీపుకన్నా ఛాతీ ఎక్కువ తడిసినట్టే. ఆ ఫోనాన్లు డిస్లొకేషన్ చుట్టూ ఉన్న స్ట్రెయిన్ (స్ఫటికం సాగి, నలిగిన తీరు) వల్ల చెదిరి, వేగానికి అనుపాతంలో దాన్ని వెనక్కి నెడతాయి. ఆ అనుపాత స్థిరాంకమే డ్రాగ్ గుణకం బి: స్ట్రెస్‌ను (వైశాల్యం మీద పడే బలాన్ని) బర్గర్స్ వెక్టర్‌తో (డిస్లొకేషన్ ఒకసారి దాటితే అణువులు జరిగే దూరంతో) గుణించి వేగంతో భాగిస్తే వస్తుంది. గది ఉష్ణోగ్రతలో అల్యూమినియంకు ఇది 10⁻⁵ పాస్కల్-సెకన్ మెట్టులో ఉంటుంది.

దీన్ని కంప్యూటర్‌లో అణువుల కదలికను అనుకరించి లెక్కగట్టాను. నేను వాడింది లాంప్స్ అనే ప్రోగ్రామ్, మిషిన్ బృందం 1999లో ఇచ్చిన ఈఏఎం పొటెన్షియల్ (అణువుల మధ్య బలాలను చెప్పే సూత్రం). ముందుగా డిస్లొకేషన్ లేని చిన్న స్ఫటికాన్ని 300 కెల్విన్, సున్నా పీడనంలో నడిపి ల్యాటిస్ పొడవు (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ఘనం అంచు పొడవు) తీసుకోవాలి. సున్నా కెల్విన్ విలువైన 4.05 ఆంగ్‌స్ట్రామ్‌లతోనే అణువులుండే సిమ్యులేషన్ పెట్టె కడితే, ఉష్ణ వ్యాకోచం లోపల పీడనంగా మిగిలిపోతుంది.

పెట్టె 40 × 20 × 5 నానోమీటర్లు, దాదాపు రెండు లక్షల నలభై వేల అణువులు. పై సగంలో 141 బర్గర్స్ పొడవులు, కింది సగంలో 140. రెంటినీ ఒకే పొడవుకు సర్ది శక్తిని కనిష్ఠం చేస్తే ఎడ్జ్ డిస్లొకేషన్ (అదనపు అణు పొర అంచు) ఏర్పడి, షాక్లీ పార్షియల్స్ అనే రెండు చిన్న డిస్లొకేషన్లుగా విడిపోతుంది. పైన, కింద ఉపరితలాలు స్వేచ్ఛగా ఉంటాయి; మిగతా దిశల్లో పెట్టె తనే మళ్లీ మళ్లీ వస్తుంది, ఒక అంచు దాటింది ఎదుటి అంచు నుంచి లోపలికొస్తుంది.

10 మెగాపాస్కల్ స్ట్రెస్‌కు పై పొరలో ఒక్కో అణువు మీద బలం సుమారు 0.00044 ఎలక్ట్రాన్‌వోల్ట్/ఆంగ్‌స్ట్రామ్. కింది పొరకు అంతే బలం వ్యతిరేక దిశలో ఇవ్వాలి, లేకపోతే పెట్టె మొత్తం కొట్టుకుపోతుంది. బలాన్ని ఒక్కసారిగా వేయకూడదు. షియర్ తరంగం సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో 20 నానోమీటర్లను 7 పికోసెకన్లలో దాటి, రెండు ఉపరితలాల మధ్య ఊగుతూనే ఉంటుంది. అందుకే 30 పికోసెకన్లలో మెల్లగా పెంచాను.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది థర్మోస్టాట్, అంటే ఉష్ణోగ్రతను నిలిపే పద్ధతి. అణువులకు ఘర్షణ, యాదృచ్ఛిక తోపులు ఇచ్చే లాంజెవిన్ థర్మోస్టాట్‌ను అన్ని అణువులకూ తగిలిస్తే దాని ఘర్షణ కూడా డ్రాగ్‌లో కలిసిపోతుంది. అప్పుడు మనం కొలిచేది అల్యూమినియంను కాదు, మనం ఇచ్చిన డాంపింగ్‌ను. ఉష్ణోగ్రత కుదిరాక దాన్ని తీసేసి ఎన్‌వీఈలో (థర్మోస్టాట్ లేకుండా) నడపడమే సరైనది. వేడెక్కుతుందన్న భయం అక్కర్లేదు: సెకనుకు 190 మీటర్ల వేగంతో 200 పికోసెకన్లు కదిలినా స్ట్రెస్ చేసే పని 3.4 ఎలక్ట్రాన్‌వోల్ట్‌లే, అంటే ఇంత పెట్టెలో 0.05 కెల్విన్.

ఓవిటో అనే ప్రోగ్రామ్‌లో కామన్ నైబర్ విశ్లేషణతో (ప్రతి అణువు చుట్టూ పొరుగు అణువుల అమరికను చూసే పద్ధతితో) స్టాకింగ్ ఫాల్ట్ అణువులను, అంటే రెండు పార్షియల్స్ మధ్య పొరల వరుస తప్పిన చోటివాటిని, వేరుచేసి డిస్లొకేషన్ స్థానం తీస్తాను. పెట్టె అంచు దాటినప్పుడు మామూలు సగటు తప్పుతుంది. స్థానాలను కోణాలుగా మార్చి సగటు తీయాలి. ఒక్క స్ట్రెస్ దగ్గర వచ్చిన వేగంతో బి చెప్పను. అనేక స్ట్రెస్‌లకు వేగాలు గీసి, సరళరేఖగా ఉన్న భాగపు వాలే తీసుకుంటాను. ధ్వని వేగానికి దగ్గరపడేకొద్దీ ఆ రేఖ వంగుతుంది. పెట్టె పొడవు రెట్టింపు చేసినా వాలు మారకూడదు. మారిందంటే డిస్లొకేషన్ పక్క పెట్టెల్లోని తన నకళ్ల ప్రభావంలోనో, తానే వదిలిన తరంగాల మధ్యనో తిరుగుతోందన్నమాట.

50 కెల్విన్ దగ్గర వచ్చిన విలువను మాత్రం ప్రయోగంతో పోల్చను. క్లాసికల్ గణనలో, అంటే క్వాంటం ప్రభావాలు లేని గణనలో, ప్రతి కంపన రీతికీ పూర్తి ఉష్ణ శక్తి దక్కుతుంది. నిజ లోహంలో డిబై ఉష్ణోగ్రతకు (దాదాపు అన్ని కంపన రీతులూ మేల్కొనే ఉష్ణోగ్రతకు) బాగా కింద చాలా రీతులు గడ్డకట్టుకుపోతాయి, అంటే వాటికి శక్తి దాదాపు దక్కదు. పైగా అక్కడ ఎలక్ట్రాన్ల డ్రాగ్ ముందుకొస్తుంది, ఈఏఎంలో అది లేనే లేదు.