పక్క కణంతో తేల్చుకోవడం

ఈరోజు ల్యాబ్‌లో పెద్ద విశేషాలేమీ లేవు. పొద్దున వెళ్ళగానే ప్లేట్లు చూసుకున్నాను, ఒకదానికి బూజు పట్టింది, తీసి పారేశాను. మిగతావాటిలో పురుగులు బ్యాక్టీరియా తింటూ బాగానే పాకుతున్నాయి. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ అమ్మాయికి మైక్రోస్కోప్ పని నేర్పించడంతో మధ్యాహ్నం దాకా గడిచిపోయింది. కానీ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఒకటి ఇంటికొచ్చినా బుర్రలోనే తిరుగుతోంది.

మా పురుగు సీ. ఎలిగాన్స్ అనే చిన్న నులిపురుగు. ఎదిగాక మిల్లీమీటరు పొడవుంటుంది, ఒళ్ళంతా పారదర్శకం, అండాలూ వీర్యకణాలూ కాకుండా శరీరంలో 959 కణాలు. ప్లాటినం తీగ కొసతో ఒక లార్వాను ఎత్తి, స్లైడ్ మీద పలచగా పోసిన అగరోజ్ జెల్ మీద దించి, కదలకుండా లెవమిసోల్ అనే మందు చుక్క వేసి, కవర్‌స్లిప్ మూసి మెల్లగా ఫోకస్ తిప్పుకుంటూ పోతే, బీజకోశం సరిగ్గా నడుమ ఒకే ఒక్క కణం ఆకుపచ్చగా వెలుగుతూ కనిపిస్తుంది. అదే యాంకర్ సెల్, గుడ్లు బయటికొచ్చే దారి కట్టమని కింది చర్మానికి సిగ్నల్ పంపే కణం. ఆ అమ్మాయి చాలాసేపు కన్ను తీయకుండా చూసి, "అక్కా, నువ్వు యాంకర్‌వి అవ్వు అని దీనికి ఎవరు చెప్పారు?" అంది.

పైనుంచి ఎవరూ చెప్పలేదమ్మా, పక్క కణంతో తేల్చుకుంది, అన్నాను.

నిజంగానే అంతే. రెండో లార్వా దశలో అక్కడ పక్కపక్కనే రెండు కణాలుంటాయి. రెండిట్లో ఏదైనా యాంకర్ కావచ్చు, ఒక పురుగులో ఇది అయితే ఇంకో పురుగులో అది అవుతుంది. మిగిలింది గర్భాశయ కణాలకు మూలమవుతుంది. ఇంత కచ్చితంగా ఎదిగే పురుగులో ఇలాంటి ఊగిసలాట ఉందని జూడిత్ కింబుల్, డేవిడ్ హర్ష్ 1979లో చూపించారు. 1981లో కింబుల్ లేజర్‌తో ఒక కణాన్ని చంపేస్తే, మిగిలింది ప్రతిసారీ యాంకర్ అయింది. అంటే పక్కన ఎవరూ లేకపోతే కణం యాంకర్ అయిపోతుంది, పక్కది ఆపితేనే ఇంకో దారి పడుతుంది.

ఆపేది ఎలా? మొదట్లో రెండు కణాల పైనా సిగ్నల్ అందుకునే లిన్-12 అనే రిసెప్టరూ ఉంటుంది, దాన్ని తాకే లాగ్-2 అనే ప్రోటీనూ ఉంటుంది, కాబట్టి చెప్పేదీ వినేదీ రెండూ. ఎక్కడో చిన్న తేడా వస్తుంది. ఎక్కువ సిగ్నల్ అందుకున్న కణంలో లిన్-12 లోపలి ముక్క తెగి కేంద్రకంలోకి పోయి ఇంకా లిన్-12 తయారు చేయిస్తుంది, లాగ్-2 తగ్గిపోతుంది. దాంతో అది వినడమే తప్ప చెప్పలేని స్థితికి వస్తుంది, ఎదురుగా ఉన్నది చెప్పడమే తప్ప వినలేని స్థితికి. నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది: ఒకసారి తెగిన రిసెప్టర్ మళ్ళీ పనికిరాదు. అడ్రినలిన్ సిగ్నల్‌లాగా ఒకటి వందై, వంద వేలై పెరిగే వ్యవహారం కాదిది. ఎన్ని తెగితే అన్నే ముక్కలు కేంద్రకానికి చేరతాయి. అందుకే ఇక్కడ చిన్న తేడాకు కూడా విలువ.

ఆ చిన్న తేడా ఎక్కడిది అంటే, చాలావరకు పుట్టుక వరుస. ముందు పుట్టిన కణం ఎక్కువగా గర్భాశయం వైపు వెళ్తుందని 2003లో జాంతా కార్ప్, ఐవా గ్రీన్‌వాల్డ్ చూపించారు. ఇంట్లో పెద్దవాడు తమ్ముడి కోసం సర్దుకుపోయినట్టు. ఇది చెప్పగానే ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

తర్వాత లిన్-12 ఎప్పుడూ ఆన్‌లో ఉండే మ్యూటెంట్ ప్లేటు చూపించాను. వాటిలో రెండు కణాలూ గర్భాశయం వైపే పోతాయి, యాంకరే ఉండదు. యాంకర్ సిగ్నల్ పంపకపోతే కింద చర్మంలో గుడ్లు బయటికొచ్చే మామూలు దారి ఏర్పడదు. గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి, పిల్లలు లోపల మెలికలు తిరుగుతూ తల్లినే తినేస్తాయి. ఒక్క కణం దారి మారినందుకు ఇంత. లిన్-12 మన ఒంట్లో కూడా ఉండే నాచ్ అనే ప్రోటీన్ల కుటుంబానికి చెందినదే. టీ-సెల్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ కేసుల్లో సగానికి పైగా నాచ్-1 జీన్ అదుపు తప్పి ఆన్‌లో ఉండిపోతుందని 2004లో తేలింది, అక్కడ కథ పిల్లల ప్రాణాల మీదికే వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో సిగ్నల్ రావడం, కణం మారడం అని ఒక బాణం గుర్తు వేసి వదిలేస్తారు, అది నాకు నచ్చదు. ముందు ఈ రెండు కణాల గురించి చెప్పి, ఆ తర్వాత బాణాలు గీస్తే పిల్లలకు ఎంత బాగా ఎక్కుతుందో!

పోనీ, ఒకసారి యాంకర్ అయ్యాక అంతా ఖాయమా అంటే అదీ కాదు. ఎన్‌హెచ్‌ఆర్-67 అనే ప్రోటీన్ దాన్ని విభజన చెందకుండా పట్టి ఉంచాలి. అది లేకపోతే యాంకర్ మళ్ళీ విభజన మొదలుపెడుతుంది, కింది పొరను చీల్చుకుని వెళ్ళే శక్తి పోతుంది. 2015లో డేవిడ్ మేటస్, డేవిడ్ షెర్‌వుడ్ వాళ్ళు వేసిన పేపర్ ఇది. ఆ అమ్మాయికి ప్రింట్ తీసి ఇచ్చాను. రాత్రికి చదివి వస్తే, రేపు తిన్న పురుగులో ఎన్‌హెచ్‌ఆర్-67 తయారవకుండా ఆపే బ్యాక్టీరియా ప్లేట్లు పోసి, ఎల్-1 (మొదటి దశ) లార్వాలను తనతోనే వేయిస్తాను.