ఎంపీ గారి కరపత్రం, అమ్మ పన్ను

మంగళవారం సాయంత్రం పిజ్జా ఫ్లయర్ల మధ్య మా ఎంపీ గారి కరపత్రం వచ్చింది. కెనడా రాజధాని ఒట్టావాలో ఏం జరుగుతోందో చెప్పడానికి అప్పుడప్పుడు పంపుతుంటారు. ఇదివరకు తెరవకుండానే రీసైకిల్ డబ్బాలో వేసేదాన్ని. ఈసారి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని అమ్మకు చదివి వినిపించాను.

"పన్ను తగ్గించారమ్మా" అన్నాను.

"ఏ పన్ను?" అంది, దవడ మీద చెయ్యి పెట్టుకుని.

అందులో రెండూ ఉన్నాయి. ఆదాయపు పన్ను మొదటి శ్లాబు 2025 జూలై 1 నుంచి 15 శాతం కాస్తా 14 అయింది. అది ఒక్క ముక్కలో చెప్పేశాను. అమ్మకు కావాల్సింది రెండోది, ఫెడరల్ ప్రభుత్వ దంతవైద్య పథకం. కుటుంబ నికర ఆదాయం 90,000 డాలర్ల లోపు ఉండాలి, వేరే డెంటల్ ఇన్సూరెన్స్ ఉండకూడదు, ట్యాక్స్ రిటర్న్ వేసి ఉండాలి. ఇక్కడ కుటుంబం అంటే భార్యాభర్తలే. అంటే నా జీతం అమ్మ లెక్కలోకి రాదు! ఈ సంగతి తెలియక ఏడాదిగా ఆవిడ ఎడమవైపు నమలడమే మానేసింది. నేను ముందే కనుక్కోవాల్సింది. చాలా బాధేసింది.

చివరి పేజీలో అభిప్రాయాలు రాసి పంపే కార్డు ఉంది. పార్లమెంటులో ఎంపీకి రాసే ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు. 343 మంది సభ్యుల్లో మా తరఫున అడగడానికి ఉన్నది ఆయనొక్కరే కదా. కట్టుడు పళ్లు ఎన్నేళ్లకోసారి ఇస్తారో అడగమంది అమ్మ. ప్రశ్న నేను ఇంగ్లీషులో రాశాను. కింద సంతకం మాత్రం ఆవిడే పెట్టింది, తెలుగులో.