పులిహోర పొట్లంతో పైరేట్స్ మ్యాచ్‌కి

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళొచ్చామని రాస్తే ఇక్కడి తెలుగువాళ్ళెవరికీ అందులో కొత్తేం ఉండదు. ఎడిసన్ నుంచి 78 హైవే ఎక్కడం, అక్కణ్ణుంచి టర్న్‌పైక్, మన్రోవిల్ దగ్గర దిగడం, మధ్యలో టోల్ లెక్క చూసుకుని గుండె పట్టుకోవడం, గుడి క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఈ యాత్ర ఒకటి ఉండనే ఉంటుంది, నయాగరాకి ముందో వెనకో. అందుకని గుడి సంగతి వదిలేస్తున్నాను, దర్శనం బాగానే జరిగింది. నేను రాయాలనుకుంటున్నది మర్నాడు సాయంత్రం గురించి. పోయిన వేసవిలో, అంటే 2025లో, మా నాన్నని బేస్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళిన సాయంత్రం.

నాన్న ఒంగోలు ఆర్టీసీ డిపోలో జీతాల సెక్షన్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. క్రికెట్ పిచ్చి. బేస్‌బాల్ అంటే ఆయన దృష్టిలో మన బిళ్ళంగోడుకి దూరపు చుట్టం. అయినా ఎందుకు తీసుకెళ్ళానంటే పాల్ స్కీన్స్‌ని చూపిద్దామని. 2023 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేచోట, ఇక్కడి టీమ్ పైరేట్స్ మొట్టమొదట ఎంచుకున్న పిచర్, మన భాషలో బౌలర్. 2024 మేలో టీమ్‌లోకి వచ్చాడు, ఆ ఏడాదే మేటి కొత్త ఆటగాడికిచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్ కొట్టేశాడు. గంటకి వంద మైళ్ళ బంతి వేసే మీసాల కుర్రాడు. పిచర్లు రోజూ ఆడరు కదా, ఐదారు రోజులకోసారి వంతు వస్తుంది. నేను నెల ముందే వేళ్ళ మీద లెక్కబెట్టి, సరిగ్గా ఆయన వంతు పడే రోజని టికెట్లు కొన్నాను. తీరా చూస్తే మధ్యలో ఎక్కడో ఒక రోజు అదనంగా విశ్రాంతి ఇచ్చారు, లెక్క జరిగిపోయింది. సంగతి తెలిసేసరికి మేం పిట్స్‌బర్గ్‌లో ఉన్నాం. "అంటే ఇంత దూరం వచ్చి మూలవిరాట్టు లేకుండా దర్శనమన్నమాట" అన్నాడు నాన్న.

అమ్మ మోకాళ్ళ నొప్పులని హోటల్లోనే ఉండిపోయింది, తోడుగా మా ఆవిడ. మేమిద్దరమే బయల్దేరాం. కారు ఊళ్ళోనే పెట్టి వంతెన మీద నడిచి వెళ్దామనుకుంటే, పార్కింగ్ 25 డాలర్లన్నాడు. మామూలు రోజుల్లో అందులో సగం కూడా ఉండదని గోడ మీద బోర్డే చెబుతోంది. నాన్న మనసులో గుణించేసి, "రెండు వేలు దాటింది. ఆ డబ్బుతో మన బండికి నెల పెట్రోలు" అన్నాడు. ఆ తర్వాత సాయంత్రమంతా ఏం చూసినా ఆయన నోట రూపాయల్లోనే వచ్చింది.

అయితే ఆ వంతెన మాత్రం బాగుంది. రాబర్టో క్లెమెంటే వంతెన, పసుపు రంగు, మ్యాచ్ రోజుల్లో బండ్లు ఆపేసి మనుషులకే వదిలేస్తారు. కింద అలెగెనీ నది, ఎదురుగా పీఎన్‌సీ పార్క్. క్లెమెంటే ఎవరని నాన్న అడిగితే చెప్పాను. పైరేట్స్‌కి ఆడిన ప్యూర్టోరికో ఆటగాడు, సరిగ్గా 3,000 హిట్లు కొట్టాడు, 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. నాన్న విగ్రహం ముందు ఆగి చెప్పులు విప్పబోయి, మళ్ళీ మానుకున్నాడు.

ఈ స్టేడియంలో బయటి తిండి లోపలికి రానిస్తారు. ముందు రోజు గుడిలో కట్టించుకున్న పులిహోర పొట్లం, ఒక నీళ్ళ సీసా నాన్న సంచిలో ఉన్నాయి. గేటు దగ్గర సంచి చూసినతను ఏమీ అనకపోయేసరికి నాన్నకి అమెరికా మీద గౌరవం కాస్త పెరిగింది.

మా పక్క సీట్లో ఒక పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. మోకాలి మీద స్కోరు పుస్తకం, చేతిలో పెన్సిలు, ఒక చెవిలో రేడియో. ఇంటి నుంచి తెచ్చుకున్న వేరుశనక్కాయలు ఒలుచుకుని తింటున్నాడు. మూడో ఇన్నింగ్స్ దాకా మాతో మాట్లాడలేదు. అప్పటికే పైరేట్స్ వెనకబడ్డారు. నేను నాన్నకి తెలుగులో ఏదో చెబుతూ మధ్యలో 'స్కీన్స్' అన్నాను. ఆ పేరు చెవిన పడగానే ఆయన ఇటు తిరిగాడు. "మీరూ ఆయన కోసమే వచ్చారా? లేకపోతే ఈ సీట్లలో ఇంకెందుకు కూర్చుంటారులే" అన్నాడు. అక్కణ్ణుంచి ఆట చూసింది తక్కువ, ఆయన మాట విన్నది ఎక్కువ. ఆయన ఇంగ్లీషు, నా తెలుగు, నాన్న ప్రశ్నలు. మధ్యలో నా ప్రాణం తోడేశారు ఇద్దరూ.

ఆయన బాధంతా ఒకటే: వీళ్ళకి పిచర్లని పెంచడం వచ్చు, ఉంచుకోవడం రాదు. గెరిట్ కోల్‌ని 2011 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడిగా తెచ్చుకున్నారు, పెంచారు, 2018 జనవరిలో హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. రెండేళ్ళు తిరక్కుండా న్యూయార్క్ యాంకీస్ ఆయనకి తొమ్మిదేళ్ళకి 32.4 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అదే 2018 జూలైలో క్రిస్ ఆర్చర్ అనే పిచర్ కోసం టైలర్ గ్లాస్నోని, ఆస్టిన్ మెడోస్‌ని, చాలదన్నట్టు షేన్ బాజ్‌ని టంపా టీమ్‌కి ఇచ్చేశారు. ఆర్చర్ పేరు ఎత్తినప్పుడు ఆయన వేరుశనక్కాయ పెంకు కింద పారేసి కాలితో తొక్కాడు. గ్లాస్నో ఇప్పుడు లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌లో ఉన్నాడు, ఐదేళ్ళకి 13 కోట్లకి పైనే.

నాన్న ప్రతి పేరుకీ "ఎంత?" అని అడుగుతున్నాడు. జీతాల సెక్షన్ మనిషి కదా. స్కీన్స్‌కి ఎంతిస్తున్నారని అడిగించాడు. టీమ్‌లో చేరేటప్పుడు 92 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చారు గానీ, ఈ ఏడాది జీతం మాత్రం పది లక్షల డాలర్లు కూడా లేదన్నాడాయన. మొదటి కొన్నేళ్ళూ ఎంత బాగా ఆడినా బేరమాడే హక్కు ఉండదు, రూల్ అంతే. "ఇంట్లో చిన్నవాడు సంపాదించి పెడుతుంటే పెద్దవాళ్ళు కూర్చుని తింటున్నారన్నమాట" అన్నాడు నాన్న. నేను అనువాదం చేశాక పెద్దాయన ఆ ముక్క మళ్ళీ చెప్పించుకుని పెన్సిలుతో స్కోరు పుస్తకం అంచున రాసుకున్నాడు. నిజంగానే.

సరే, చేతిలో ఇంత చవగ్గా ఇలాంటి పిచర్ ఉన్నాడు, మిగిలిన డబ్బుతో ఆఫ్‌సీజన్‌లో ఏం కొన్నారు? ఆయనకి కోపం తెప్పించేది అదీ. 2024 చలికాలంలో ఆండ్రూ హీనీ అనే ఎడమచేతి పిచర్‌ని ఏడాదికి 52.5 లక్షల డాలర్లకి తెచ్చారు. ఉన్న స్టార్టర్లలో, అంటే ఆట మొదలుపెట్టే పిచర్లలో, ఒకడైన లూయిస్ ఓర్టిజ్‌ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చి ఫస్ట్ బేస్‌కి స్పెన్సర్ హార్విట్జ్‌ని తెచ్చుకున్నారు. టామీ ఫామ్, ఆడమ్ ఫ్రేజర్, అందరూ ఏడాది ఒప్పందాలే. అదే చలికాలం న్యూయార్క్ మెట్స్ ఒక్క హువాన్ సోటోకి 15 ఏళ్ళకి 76.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. నాన్న ఫోన్ తీసి లెక్కగట్టి, "ఆరున్నర వేల కోట్ల రూపాయలా!" అని గట్టిగా అరిచేసరికి ముందు వరసలో వాళ్ళు తిరిగి చూశారు. పైరేట్స్ టీమ్ మొత్తం ఆ ఏడాది జీతాల బిల్లు తొమ్మిది కోట్ల డాలర్ల దరిదాపుల్లో, డాడ్జర్స్‌ది ముప్పై కోట్ల పైమాట. "సంతకెళ్ళి పుచ్చు వంకాయలు ఏరుకొచ్చినట్టుంది" అన్నాడు నాన్న. ఇది మాత్రం అనువాదం చేయడం నా వల్ల కాలేదు. ఆ సీజన్ మొదట్లో జారెడ్ జోన్స్ అనే మరో మంచి కుర్ర పిచర్ మోచేతికి ఆపరేషన్ అయ్యి ఏడాదంతా కూర్చున్నాడు, ఇచ్చేసిన ఓర్టిజ్ ఉంటే ఎంత పనికొచ్చేవాడని ఆయన బాధ.

నాన్నకి ఇక్కడొక సందేహం. ఐపీఎల్‌లో అన్ని టీమ్‌లకీ ఒకటే పర్సు, 2025 వేలంలో తలా 120 కోట్లు, అంతకు మించి ఎవడూ పెట్టలేడు, మరి ఇక్కడ? ఇక్కడ అలాంటి కట్టడి లేదు. ఒక హద్దు దాటితే పన్ను కడతారు, డబ్బున్నవాడు కట్టేసి కొనుక్కుంటాడు. కింద మాత్రం హద్దే లేదు, ఎంత తక్కువ పెట్టినా అడిగేవాడు లేడు. పెద్దాయన ఇది చెప్పాక, మరి మీ ఊళ్ళో ఎలా అని మర్యాదకి అడిగాడు. నాన్నకి అంతకంటే ఏం కావాలి. భువనేశ్వర్ కుమార్ కథ మొదలుపెట్టాడు. పదకొండు సీజన్లు హైదరాబాద్‌కి బౌలింగ్ చేసినవాడు, 2016, 2017 వరసగా ఎక్కువ వికెట్లకిచ్చే పర్పుల్ క్యాప్, అలాంటివాణ్ణి వేలంలో వదిలేస్తే బెంగళూరు 10.75 కోట్లకి పట్టుకెళ్ళింది. నటరాజన్‌ని కూడా వదిలేశారు. పది కోట్లు పెట్టి షమీని తెచ్చారు, ఆయనేమో 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లు. మేం ఆరో స్థానం, బెంగళూరుకి కప్పు. చెబుతూ చెబుతూ నాన్న గొంతు పెరిగింది. పెద్దాయన అంతా విని, "డబ్బు ఉండి కూడా?" అన్నాడు. నాన్న ఆ ప్రశ్నకి నా వైపు చూశాడు, నేను గ్రౌండ్ వైపు చూశాను.

పులిహోర పొట్లం అప్పుడు విప్పాం. ఆయనకీ కాగితం పళ్ళెంలో పెట్టాం. ఎండుమిరపకాయ పక్కన పెట్టండని చెప్పేలోపే నమిలేశాడు. దగ్గి, నీళ్ళు తాగి, మా పల్లీలు తీసి వాటి వైపు చూసి నవ్వాడు, ఆయన సంచిలోవి మా వైపు జరిపాడు. అప్పుడే తెలిసింది, ఆయన ఈ ఊళ్ళో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడట. నాన్న ఒక్కసారిగా నిటారుగా కూర్చుని, "డ్యూటీ ఎన్ని గంటలు? ఓటీ ఇచ్చేవాళ్ళా?" అని అడిగించాడు. ఒక ఇన్నింగ్స్ మొత్తం అందులోనే పోయింది. మైదానంలో పియరోగీలు పరిగెత్తుతుంటే, అవి పోలిష్ వాళ్ళ ఉప్పు కజ్జికాయల్లాంటివిలెండి, మనుషులు ఆ వేషాలు వేసుకుని పందెం పరిగెడతారు, స్టేడియం అంతా కేకలు. వీళ్ళిద్దరూ మాత్రం గ్రాట్యుటీ గురించి మాట్లాడుకుంటున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాడాయన, అది నేను మర్చిపోను. "మీ దేశం నుంచి కూడా ఇద్దరు పిచర్లని తెచ్చారు మా వాళ్ళు, తెలుసా?" అన్నాడు. నిజమే, 2008లో. ఇండియాలో టీవీ పోటీ పెట్టి, బేస్‌బాల్ ఎప్పుడూ చూడని ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళని ఇద్దర్ని, రింకూ సింగ్‌ని, దినేశ్ పటేల్‌ని ఎంపిక చేస్తే, పైరేట్స్ ఒప్పందం చేసుకున్నారు. జావెలిన్ విసిరేవాళ్ళు. ఇద్దరూ పెద్ద లీగ్ దాకా రాలేదు. "పర్సు విప్పకుండా పిచర్ దొరుకుతాడంటే మా వాళ్ళు సముద్రాలు దాటుతారు. ఆ పిల్లల తప్పేం లేదు, వాళ్ళు బాగానే కష్టపడ్డారు" అన్నాడు. నాన్న రింకూ సింగ్ అనగానే కోల్‌కతా తరఫున ఐదు సిక్సర్లు కొట్టినవాడనుకుని కాసేపు అయోమయపడ్డాడు.

ఏడో ఇన్నింగ్స్ తర్వాత పై అంతస్తులో మొదలైంది, "సెల్ ది టీమ్, సెల్ ది టీమ్" అని. యజమాని బాబ్ నటింగ్‌ని టీమ్ అమ్మేసి పొమ్మని. 2007 నుంచి ఆయనే ప్రధాన యజమాని. ఏప్రిల్‌లో ఇక్కడ తొలి మ్యాచ్ రోజు ఇదే మాట బ్యానర్ కట్టిన విమానం స్టేడియం మీద తిరిగింది. కుడివైపు గోడ క్లెమెంటే నంబరు గుర్తుగా 21 అడుగులు ఉంటుంది, దాని మీది 21 గుర్తు తీసి మద్యం ప్రకటన పెడితే జనం, క్లెమెంటే కొడుకు కూడా నొచ్చుకున్నారు, మళ్ళీ 21 పెట్టారు. మా పెద్దాయన ఆ గోడ చూపించాడు గానీ, అరుపుల్లో మాత్రం కలవలేదు. ఎందుకని అడిగితే, "1979లో కప్పు గెలిచినప్పుడు చూశాను. తర్వాత 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై ఏళ్ళు ఓటమి సీజన్లే, అన్నీ స్టేడియంలోనే కూర్చుని రాసుకున్నాను. నేను అరిస్తే ఆయన అమ్ముతాడా" అని పెన్సిలు చెక్కుకున్నాడు. నాన్న మాత్రం నాలుగైదు సార్లు అరిచాడు. ఆయనకి అర్థమైన మొదటి బేస్‌బాల్ మాట అదే.

పైరేట్స్ ఓడిపోయారు. ఎంత తేడాతో అన్నది మర్చిపోయాను, పెద్దాయన పుస్తకంలో ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఆయన నాన్న చెయ్యి పట్టుకుని, 2029 దాకా స్కీన్స్ మీద హక్కు వీళ్ళదే, కానీ అప్పటిదాకా ఉంచుతారని నేను పందెం కాయను, ఈసారి ఆయన ఆడే రోజు చూసుకుని రండి అన్నాడు. తిరుగు ప్రయాణంలో టర్న్‌పైక్ మీద నాన్న బ్రీజ్‌వుడ్ దాకా ఏమీ మాట్లాడలేదు. నిద్రపోయాడనుకున్నాను. "ఆయన పెన్షన్ ఎంతో అడగడం మర్చిపోయాను రా" అన్నాడు.

సెప్టెంబరులో అమ్మానాన్న వెళ్ళిపోయారు. హీనీని అప్పటికే, సీజన్ అవ్వకుండానే వదిలేశారు. పైరేట్స్ 71 గెలిచి 91 ఓడారు. స్కీన్స్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, 1.97, అయినా ఆయన ఖాతాలో 10 గెలుపులు, 10 ఓటములు. నవంబరులో ఆయనకి ఏకగ్రీవంగా సై యంగ్ అవార్డు, అంటే ఏడాది మేటి పిచర్ బహుమతి, ఇచ్చారు. అదే వారంలో హైదరాబాద్ వాళ్ళు షమీని లక్నోకి ఇచ్చేశారు. ఆదివారం నాన్న ఫోన్ చేశాడు.

"ఏరా, ఆ మీసాల పిల్లాణ్ణి అమ్మేశారా?"

"ఇంకా లేదు నాన్నా."

"సరేలే. మన వాళ్ళకి బౌలింగ్ ఎవరు వేస్తారంట?"