బాస్ వాయిస్తూ పాడాలంటే: నల్లగొండలో నా తిప్పలు

మా బ్యాండ్‌లో నేను పాడేవాణ్ణి. బాస్ గిటార్ వాయించే దోస్తు ఉద్యోగం దొరికి హైదరాబాద్ పోయిండు. ఆ నాలుగు తీగల గిటార్‌ని ఎవరూ ముట్టకపోయేసరికి నా మెడకే పడింది. 1961లో బాస్ వాయించే స్టువర్ట్ సట్‌క్లిఫ్ బీటిల్స్ బ్యాండ్‌ని వదిలినప్పుడు, అందులోనే ఉన్న పాల్ మెకార్ట్నీకి బాస్ తగులుకున్నదీ ఇట్లనేనట. ఆ మాట తెలిశాక కొంచెం ధైర్యమొచ్చింది.

ఆరు తీగల మామూలు గిటార్ కొడుతూ పాడితే చెయ్యి మాట వెంటే నడుస్తుంది. బాస్ అట్ల కాదు. వేళ్లు కిక్ డ్రమ్‌తో, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌తో పోవాలి, గొంతు దాని దారిన అది పోవాలి. నేను పల్లవి ఎత్తుకుంటే చాలు, వేళ్లు మాట వెనక ఉరికేవి. డ్రమ్స్ తమ్ముడు పుల్లలు ఒళ్లో పెట్టుకుని నా మొహం చూసేవాడు.

అందుకే ముందు పాట మానేసిన. ఒకటే లైన్ తిప్పి తిప్పి వాయిస్తూ అమ్మతో ముచ్చట పెట్టేవాణ్ణి. "పాలు తెచ్చినవారా?" అంటే "తెస్తనే అమ్మా" అనాలి, తాళం తప్పొద్దు. అది కుదిరినంక "ఆ" అంటూ ఉత్త రాగం, ఆ తర్వాతే మాటలు. పాటను నోట్‌బుక్‌లో రాసుకుని, బాస్ దెబ్బ పడే ప్రతి అక్షరానికీ ఎర్రపెన్నుతో సున్నా చుట్టిన. సున్నా పడనివే సతాయించేవి. రెండు దెబ్బల సందులో పలకాలి కదా.

ఇంకో దారి 'ద పోలీస్' అనే రాక్ బ్యాండ్‌లో బాస్ వాయిస్తూ పాడిన స్టింగ్‌ని వింటే తెలిసింది: పాడేచోట తక్కువ వాయించాలి, ఖాళీ వదలాలి. చరణంలో మూల స్వరాలే పెట్టుకుని, నా పోకడలన్నీ లైన్‌కీ లైన్‌కీ నడుమకు జరిపిన. 'రష్' అనే రాక్ బ్యాండ్‌లో గెడ్డీ లీ పాడుతూ, బాస్ వాయిస్తూ, కాళ్లతో స్వరాలు పలికే పెడల్స్ కూడా తొక్కేవాడు. ఆయనకో దండం. 'మోటర్‌హెడ్' బ్యాండ్‌లో బాస్ వాయిస్తూ పాడిన లెమ్మీలాగా మైకు పైకి పెట్టి తలెత్తి పాడి చూసిన గానీ, నా గొంతుకది పడలేదు.

కాలేజీ ఫంక్షన్‌లో మొదటిసారి వాయించినం. గిటార్ మోత పెంచే ఆంప్‌కి ఎర్తింగ్ సరిగ్గా లేక ఒకటే గుయ్యిమని మోత. పాట మాత్రం ఎక్కడా జారలేదు. దిగి వస్తుంటే ఒక పెద్దాయన ఆపి, "ఏంది బిడ్డా, రెండు తీగలు తెగినయా?" అన్నడు.

ఫోన్ వీడియో చూసినోళ్లేమో అసలు బాసే వినబడలేదంటున్నరు. లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర, ఫోన్ స్పీకర్‌కి అంత కింది స్వరం రాదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినుండ్రి అని అందరికీ చెప్తున్న.